చీపురుపుల్ల

కమ్మలు బ్యాంకు బీరువాలోకెళ్లిన రాత్రి
దమయంతి కొత్త చీపురు లోంచి
రెండు పుల్లలు విరిచి చెవులకి పెట్టుకుంది.
"బెజ్జం పూడిపోతే
మళ్లీ కుట్టించడం ఒక ఖర్చు" అంది.
అంతే అంది.
నేను చీకట్లో ఆటో తుడుస్తున్నట్టు నటించాను.

గుంటడి పాత నోటుబుక్కు, వెనకపేజీ.
వాడు దిద్దిన గుండ్రటి ఒడియా అక్షరాల కింద
మా అప్పులు, తెలుగులో.
ఆటో ఫైనాన్సు, నెలకి నాలుగువేల నూటయాభై.
మంగళవారం గ్రూపు, ఆరొందల ఇరవై.
గవరయ్య బావ, పన్నెండువేలు, నూటికి మూడు.
పాణిగ్రాహి కొట్టు, రెండువేల చిల్లర.
అన్నిటికన్నా కింద, నేను నసుగుతూ చెప్పింది:
స్టేషను దగ్గర టీ బడ్డీ, మూడొందల నలభై.
"ఎవరు తాగిన టీ?"
చెప్పలేదు.
బేరం తగలని మధ్యాహ్నాల్లో
పర్లాకిమిడి స్టాండు మొత్తానికీ
నేనే పెద్దమనిషిని.

ముందు అదే తీర్చమంది.
పెద్దదాన్ని వదిలీసి ఈ చీమనేటి కొట్టడం అన్నాను.
"రోజూ దాని ముందు నుంచే కదా నువ్వెళ్లేది?"

పదకొండు రోజులు పట్టింది.
బడ్డీ బిభూతి పలక మీద నా పేరు చెరిపి
"సరిలా" అన్నాడు.
అయిపోయింది అని వాళ్ల మాట.
మా చెవికి అందులో సరి అని వినిపించింది.
ఆ రోజు వంతెన మీద
ఖాళీ ఆటో కూడా తేలిగ్గా నడిచింది.

తర్వాత డబ్బా వచ్చింది.
పాత పౌడరు డబ్బా, మూతకి మైనం,
కత్తిమొనతో చీల్చిన సన్నటి గీత.
రోజుకో ఇరవై బిళ్ల.
గవరయ్య బావ తాంబూలం ఉమ్మి మరీ నవ్వాడు:
"నెత్తి మీద అప్పుంచుకుని దాపకమేటిరా,
చిల్లుకుండకి మూతలా?"
లెక్క ప్రకారం ఆయనదే రైటు.
పాతపట్నం వెళ్లే దారంతా నేనూ లెక్కేశాను,
రైటే.
దమయంతి మాత్రం వాదించలేదు,
బిళ్ల వేసింది.

పెట్రోలు ఇటుపక్కే పోయించడం,
హద్దు దాటితే రేటెక్కువ.
ఆదివారం కోడి పోయి ఎండుచేప వచ్చింది.
చద్దన్నాన్ని గుంటడు పఖాళ అంటాడు,
పేరు మారిస్తే రుచి మారుతుందేమోనని
నేనూ అని చూశాను.
గుండిచకి కొత్త చొక్కా వాడొక్కడికే.

ఆ రథం నాడే
పిన్నీసుతో గీతలోంచి రెండు బిళ్లలు లాగాను.
జనం, ఎండ, స్నేహితులు, నిమ్మసోడాలు.
సాయంత్రం ఆమె డబ్బా ఎత్తి, దించింది.
ఏమీ అనలేదు.
తెల్లారి నోటుబుక్కులో
గవరయ్య బావ కింద కొత్త వరస:
డబ్బాకి మా ఆయన, నలభై.
ఫైనాన్సువాడి కాగితంలో
అన్ని సంతకాలు పెట్టినప్పుడు రాని సిగ్గు
ఆ ఒక్క వరసకి వచ్చింది.

శ్రావణం వానలో
మహేంద్రతనయ వంతెన నడిమధ్యన క్లచ్చు పోయింది.
మెకానిక్కు పంతొమ్మిదొందలన్నాడు.
ఇలాంటి సాయంత్రాలకి నా కాళ్లకో దారి తెలుసు.
గవరయ్య బావ అరుగు మీదే ఉన్నాడు,
నా కోసం పీట కూడా జరిపాడు.
తడిసిన ఆటో తోసుకుంటూ
ఆ అరుగు దాటీసాను.
"ఒరే!" అన్నాడు.
వాన కదా, వినపడలేదు.

డబ్బా కోస్తే నూటారు బిళ్లలు.
మెకానిక్కు కుప్పలు పెట్టి లెక్కపెడుతూ
గుడి హుండీ కొట్టావా అన్నాడు.
మిగిలిన పదకొండూ
దమయంతి కొత్త డబ్బాలో వేసింది,
గలగలమని, చాలా ఖాళీగా.

కమ్మలింకా రాలేదు.
ఇంకో ఆరువేలు కావాలి,
మంగళవారాలు ఇంకా చాలా ఉన్నాయి.
నిన్న పుల్లలు మార్చుకుంటూ
అద్దంలోంచే నాతో అంది:
ఈసారి కాస్త లావువి పెట్టాను,
కమ్మ కాడ లావు కదా.